గోరింకకు పన్నూడింది

జూన్ 4. పోటు ఉదయం 9.20

గోరింక గొంతును ఎవరు దిద్దుతారో వాళ్ళే ఈ పుస్తకం రాయాలని గొంతులను నమోదు చేసే సర్కారు ఆఫీసు, అంటే గొంతుల కచేరీ, నిబంధన. ఏ రోజు ఏం చేశాం, ఎందుకు చేశాం, నాలుగు ముక్కలు చాలని సుభానీ గారు ఏటా చెబుతారు. ఆయన ఆ కచేరీలో గుమాస్తా. నా పుస్తకం చదవడానికి ఆయనకు రెండు పూటలు పడుతోందట. ఏం చెయ్యను, నాలుగు ముక్కల్లో చెప్పడం నాకు రాదు.

ఈరోజు పని గొంతు తిరగరాయించడం. బతికున్న మనిషి గొంతే పాడాలి, అందులోనూ ఈ ఏటి గొంతే పాడాలి అని చట్టం. ఏడాదికోసారి మనిషిని తీసుకొచ్చి కొత్తగా చదివించాలి. ఆ పూటతో నిరుటి గొంతుకు తాళం పడిపోతుంది.

తెర మీద బొమ్మగా కనిపించి పాడే గోరింక ఎవరో మా కొత్తరేవులో చంటిపిల్లలకు కూడా తెలుసు. గోరింక గొంతు ఎవరిదో మాత్రం ఏ నలుగురికో తెలుసు. అది రేవు పడవ మీద టిక్కెట్లు కొట్టే వరహాలమ్మది. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, యాభై రెండు. నేను వరాలక్కా అంటాను. ఆవిడకు పాట రాదు. వినయానికి చెబుతున్న మాట కాదు, నిజంగానే రాదు. మొదట్లో ఓసారి సరదాకి జోలపాట పాడమంటే ఆవిడ పాడింది ఏ రాగమో మాకు ఈనాటికీ తెలియలేదు. గోరింకకు అది అక్కర్లేదు. అ, ఆ, క, కా, స్త, ర్మ అంటూ నాలుగు వందల పన్నెండు చప్పుళ్ళు సరుకుల చీటీ చదివినట్టు చదివితే చాలు. వాటిని కోసి, అతికి, సాగదీసి మా యంత్రం ఏ పాటైనా పాడుతుంది. పాట కట్టేది ఇమ్మానుయేలు, గొంతు దిద్దేది నేను. మా ఇద్దరి పేర్లూ ఎవరికీ గుర్తుండవు. గోరింక పాట అంటారు, అంతే.

వరాలక్క టిక్కెట్ల సంచీ భుజాన ఉండగానే వచ్చి, గాజు గదిలో కూర్చుని, చదివేసి వెళ్ళిపోయింది. వస్తున్నప్పుడూ వెళ్తున్నప్పుడూ నోటికి పైట అడ్డం పెట్టుకుంది. జలుబేమో అనుకున్నాను. సుభానీ గారు ముద్ర వేశారు.

జూన్ 5. పోటు ఉదయం 10.10

ఈ వారం మా వంతు కాబట్టి పొద్దున్నే స్తంభాలకు పట్టిన నత్తగుల్లలు గీకాను. మా స్టూడియో పాత తుఫాను షెల్టర్ మూడో అంతస్తులో ఉంది. కింది రెండూ నీళ్ళలోనే ఉంటాయి. అలల కరెంటు పోటు మీదున్న మూడు గంటలే వస్తుంది కాబట్టి మా పనివేళలు చంద్రుడు నిర్ణయిస్తాడు.

కరెంటు రాగానే కొత్త గొంతు ఎక్కించాను. ఏటా చేసే పనే. కొత్తదాన్ని మొదటి ఏటి పాటల పక్కన పెట్టి, పెరిగిన గరుకు గీకేసి, తగ్గిన మెరుపు పూస్తాను. మూడు రోజుల పని. అలా ఇరవై ఒక్కేళ్ళుగా గోరింక ముప్పై ఒకటో ఏట ఆగి ఉంది. అలా చెయ్యకూడదని చట్టంలో ఎక్కడా లేదు. వెతికి చూశాను.

సరిచూసుకోవడానికి ముందుగా ‘సా’ పట్టించాను. ఒక ఈల వినిపించి, దాని వెనక సా వచ్చింది. ఇమ్మాను పడవ వచ్చిందనుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ వేశాను. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మూడోసారి వెళ్ళకుండా నా వంక చూశాడు.

స, శ, ష, చ, అన్నింటికీ ముందు ఈలే. మామూలుగా అయితే నవ్వుకునేవాళ్ళమేమో. కానీ పద్దెనిమిదో తేదీన కొత్త సముద్రపు గట్టు ప్రారంభం. ముప్పై వేల మంది వస్తారట. ఆ రోజు జరిగే గోరింక పాట కచేరీ కోసం ఇమ్మాను నాలుగు నెలలు కూర్చుని ఒక పాట కట్టాడు. నీళ్ళ కిందికి వెళ్ళిపోయిన పాత ఊరి వీధుల పేర్లన్నీ వరసగా వస్తాయి. సాలీల వీధి, సున్నపుబట్టీ సందు, చేపల సంత, శెట్టి గారి మేడ వీధి. పాట సగానికి సగం స, శ, చ.

జూన్ 6. పోటు ఉదయం 11.00

పడవ ఎక్కి వరాలక్క పక్కన కూర్చున్నాను. జనం దిగేదాకా ఆగి, నోరు చూపించమన్నాను. ముందు పళ్ళలో పైది ఒకటి లేదు. గత నెల గాలివానలో తాడు లాగుతుంటే ఇనప కొక్కెం ఎగిరొచ్చి తగిలిందట. ఆసుపత్రి పడవలో డాక్టరమ్మ చూసి, చిగురు మానడానికి రెండు నెలలు పడుతుందని, అప్పుడుగానీ కొత్త పన్ను పెట్టనని చెప్పిందట.

నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. వరాలక్క చిల్లర లెక్కచూసుకుంటూ, “నా సదువుతో మీకేటి పనిలే రత్నం,” అంది.

పన్నూడిన మనిషి చిన్నబుచ్చుకుని అన్న మాట అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. అవతలి రేవులో దిగి, గట్టు మీదుగా నడిచి వెనక్కి వచ్చేశాను.

జూన్ 8. పోటు మధ్యాహ్నం 12.40

ఈల తీసేయడానికి మూడు రోజులుగా చెయ్యని ప్రయత్నం లేదు. నున్నగా గీకితే స కాస్తా త అయిపోయింది. గోరింక ‘తాలీల వీధి, తున్నపుబట్టీ తందు’ అని ముద్దుగా పాడింది. నిరుటి గొంతులోంచి ఒక్క స అరువు తెచ్చుకుందామంటే దానికి తాళం. తాళంచెవి సుభానీ గారి దగ్గర ఉంటుంది. ఆయన దగ్గర నిబంధనలు కూడా ఉంటాయి.

ఇమ్మాను స లేని పాట రాస్తానని కూర్చున్నాడు. సాలీల వీధిని నేతగాళ్ళ వీధి చేశాడు. చేపల సంత దగ్గర ఒక పూటంతా ఆగిపోయాడు. సాయంత్రానికి పాటలో రెండు వీధులు మిగిలాయి. ఒక ఊరు రెండోసారి మునిగిపోయినట్టుందని కాగితం చింపేశాడు.

జూన్ 9. పోటు మధ్యాహ్నం 1.30

చదివిన మనిషికి ఒంట్లో బాగోలేకపోతే పదిహేను రోజుల్లోగా ఒక్కసారి తిరిగి చదివించవచ్చని సుభానీ గారే నిబంధన వెతికి పెట్టారు. ఇమ్మాను వలలు కట్టేవాళ్ళ దగ్గర మైనం తెచ్చి, ఆల్చిప్ప ముక్క అరగదీసి, ఒక పన్ను తయారుచేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. వరాలక్క అద్దంలో చూసుకుని, తన పళ్ళన్నిటిలోకీ అదే తెల్లగా ఉందని మురిసిపోయింది.

క నుంచి వ దాకా పన్ను కదల్లేదు. శ కూడా దాటింది. ష అనగానే ఊడి, ఎగిరి, మైకు మీది జల్లెడకు అంటుకుపోయింది. వరాలక్క ముందు దాన్ని చూసింది, తర్వాత గాజు ఇవతలున్న నన్ను చూసింది. ఆ తర్వాత ఐదు నిమిషాలపాటు చదవలేకపోయింది. ఆవిడ అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. సుభానీ గారు మైకు తుడిచి, ఉన్న ఒక్క అవకాశమూ అయిపోయిందని రాసుకున్నారు. రాసుకుంటూ ఆయన కూడా నవ్వారు.

జూన్ 11. పోటు మధ్యాహ్నం 3.10

గట్టు ఉత్సవ కమిటీ చైర్మన్ ధర్మారావు గారు స్టూడియోకి వచ్చారు. కబురు ఎలా తెలిసిందో, పన్ను సంగతి వచ్చేసరికే తెలుసు. వస్తూ వస్తూ ఒక డబ్బా తెచ్చారు. అందులో ‘తేనె’ ఉంది. లక్ష గొంతులు కలిపి రుబ్బి తీసిన, ఎవరిదీ కాని గొంతు. ఎవరిదీ కాదు కాబట్టి ఏటా చదివించక్కర్లేదు, పళ్ళూడవు. ఈ మధ్యే గొంతుల కచేరీ దానికి అనుమతి ఇచ్చింది. తెర మీద గోరింక బొమ్మే ఉంటుంది, గొంతు తేనెది పెట్టండి, ఎవరు కనిపెడతారు అని ఆయన మాట.

ఆయన వెళ్ళాక వీధుల పాట తేనెతో పాడించాం. బాగుంది. బాగోలేదని రాద్దామని చాలాసేపు చూశాను, కుదరలేదు. స లు చేప పొలుసుల్లా మెరిశాయి. ఇమ్మాను కళ్ళు మూసుకుని విన్నాడు. నాలుగు నెలల్లో మొదటిసారి తన పాట తను అనుకున్నట్టు వినపడింది. అతన్ని నేనేమీ అనలేకపోయాను.

జూన్ 12. పోటు సాయంత్రం 4.00

అనకుండా ఉండలేకపోయాను. తేనె పెడితే గోరింక ఇంకెవరని అడిగాను. ఒక్క పాట కచేరీయే కదక్కా, వచ్చే నెల మళ్ళీ మామూలే అన్నాడు ఇమ్మాను. ముప్పై వేల మంది ముందు ఈల వేయిస్తే జనం నవ్వేది గోరింకను చూసి కాదు, మునిగిపోయిన ఊరిని చూసి అన్నాడు. అది నిజమే అనిపించింది. అయినా ఒప్పుకోలేదు. అతను టీ కప్పు కడగకుండా వెళ్ళిపోయాడు. అతని పద్దెనిమిదో ఏట నుంచి కలిసి పనిచేస్తున్నాం, అతను అంత కోపగించుకోవడం ఇది మూడోసారి.

గొంతు మార్చాలంటే అసలు మనిషి వేలిముద్ర ఉండాలి, అది నిబంధన. వరాలక్కను రేపు స్టూడియోకి రమ్మని కబురు పెట్టాను. పెట్టాక తోచింది, ఇన్నేళ్ళలో ఆవిడని ఇక్కడికి రమ్మనడం ఇదే మొదలు. గొంతుల కచేరీలో చదివించి పంపేసేవాళ్ళం.

జూన్ 13. పోటు సాయంత్రం 4.50

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వరాలక్క మూడు అంతస్తులూ ఎక్కి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి వచ్చింది. గోడ మీది గోరింక బొమ్మను కాసేపు చూసింది. ఇమ్మాను కాగితం చూపించి, ఈ ఒక్క పాట కచేరీకి వేరే గొంతు పెడుతున్నామని చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. అలాగే బాబూ అని బొటనవేలికి సిరా రాసుకుంది.

అప్పుడే కరెంటు వచ్చింది. యంత్రంలో నిన్న నేను వదిలేసిన పాట దానంతటదే మొదలైంది. వీధుల పాట, ఈ ఏటి గొంతుతో. ఎలాగూ కుదరడం లేదని దిద్దడం మానేశాను కాబట్టి గీకనూ లేదు, పూయనూ లేదు. బొంగురు బొంగురుగా, అడుగున ఇసక ఉన్నట్టుగా, స వచ్చినచోటల్లా ఈలతో పాడుతోంది. నేను ఆపబోతే వరాలక్క సిరా అంటిన చెయ్యి ఎత్తి ఆగమంది. పాట అయ్యేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.

“ఎవరిదా గొంతు?” అని అడిగింది.

నీదేనన్నాను. ఈ ఏటిదా అంది. ఈ ఏటిదేనన్నాను. మరి పడవలోనూ బజార్లోనూ మోగేది ఎవరిదని అడిగింది. అదీ నీదేనని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“నా గొంతు నాకు తెల్దా రత్నం. మొదట్లో మూడేళ్ళు నాదే. తర్వాత ఎవరో సిన్నపిల్లది పెట్టేసేరు. నాది పాతబడిపోయింది, మొకం మీద సెప్పలేక ఏటా పిలిసి సదివిత్తన్నారు అనుకున్నాను.”

“అలా అనుకుంటూ కూడా వచ్చేదానివా?”

“పిలిసేరు గదా.”

ఇమ్మాను వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను చెప్పేశాను. ఏటా ఏం చేస్తానో, ఎలా గీకుతానో, ఏం పూస్తానో అంతా. చెబుతుంటే ఇన్నేళ్ళూ పనితనం అనుకున్నది వేరేగా వినపడింది. చివర్లో ఆవిడ ఒక్కటే అడిగింది.

“అన్నేళ్ళూ గీకేసేవా?”

“అన్నేళ్ళూ.”

ఆవిడ బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుంది. కాగితం మీద వెయ్యలేదు. కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో నాకు తెలియలేదు. మళ్ళీ వెయ్యమంది. వేశాను. రెండోసారి వింటూ మొహం చిట్లించింది. మూడోసారి మధ్యలోనే ఆపించింది.

“సాలీల ఈది ఏటి బాబూ? అలాగెవరన్నారు?”

పాత మ్యాపులో ఉందని ఇమ్మాను చెప్పాడు. ఊరు మునిగేనాటికి అతనికి ఏడేళ్ళు, నాకు పది. మాకు గుర్తున్నది నీళ్ళే. వరాలక్కకు అప్పటికి పంతొమ్మిది. మ్యాపులో ఉంటే ఉండనీ, అది మగ్గాలీధి అంది. సున్నపుబట్టీ సందు ఎవరికీ తెలియదట, అక్కడ సుక్కమ్మ అనే ఆవిడ అట్లు పోసేది కాబట్టి సుక్కమ్మ సందు. శెట్టి గారి మేడ వల్ల ఎండ పడదు కాబట్టి అది సీకటీధి. చేపల సంతను సంత అన్నవాళ్ళే లేరు, ఏలంపాట దిబ్బ అనాలి.

ఇమ్మాను కిటికీ దగ్గర్నుంచి వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. పెన్ను అడిగాడు. కరెంటు పోయాక కూడా వాళ్ళిద్దరూ వీధి వెంట వీధి నడుస్తూనే ఉన్నారు.

జూన్ 15. పోటు ఉదయం 6.05

ఇప్పుడు పాటలో పంతొమ్మిది వీధులు. ఇమ్మాను రెండు రోజులుగా సరిగ్గా తినలేదు, హాయిగా ఉన్నాడు. తేనె సంగతి తనే ఎత్తి, ఆ గొంతుకు సుక్కమ్మ ఎవరో తెలియదక్కా అన్నాడు. నేనేమీ గెలిచినట్టు మొహం పెట్టలేదనే అనుకుంటున్నాను.

గొంతు దిద్దే పని మాత్రం నాకు కొత్తగా ఉంది. ఇన్నాళ్ళూ తీసేయడం అలవాటు. ఇప్పుడు శ్రుతి, తాళం సరిచేసి చెయ్యి వెనక్కి తీసుకోవాలి. చెయ్యి ఊరుకోదు. ఒకచోట అలవాటుగా కాస్త నునుపు చేసి, మళ్ళీ తీసేశాను.

డబ్బా తిరిగి ఇవ్వడానికి ధర్మారావు గారి ఆఫీసుకు వెళ్ళాం. వరాలక్క తనూ వస్తానంది. ఆయన పాట సగం విని ఆపేశారు. మంత్రులొస్తున్నారు, ముసలమ్మ ఈలలు వినిపించమంటారా అన్నారు. ఆ ముసలమ్మ ఎదురుగానే కూర్చుని ఉందని ఆయనకు తెలియదు. నేను నోరు తెరిచేలోగా వరాలక్క మాట్లాడింది.

“నువ్వు బెస్తోరి మూలలో సూరయ్య గారబ్బాయివి గదా ధర్మారావూ. మీ ఇంటి ముందు మునగసెట్టుండేది. ఆ మూల పాటలో పెట్టించేను. సివర్న వత్తాది, అది ఇనేసి ఆపెయ్యి.”

ఆయన విన్నారు. బెస్తోరి మూల వచ్చింది, వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తన కుర్రతనంలో అక్కడ మునగచెట్టు కాదని, అవిసెచెట్టని వాదించారు. వరాలక్క ఒప్పుకోలేదు. చివరికి ఆయన ఒక్క షరతు పెట్టారు. ఈలలు ఎక్కువున్న ఈ పాట ఆఖర్న ఉండాలి, మంత్రులు అప్పటికి వెళ్ళిపోతారు. మేం సరేనన్నాం. డబ్బా మాత్రం ఎందుకైనా మంచిదని మా దగ్గరే ఉంచారు.

జూన్ 18. పోటు ఉదయం 8.30

కచేరీ సాయంత్రం నాలుగింటికి, గట్టు మీద. ఎండ ఇంకా ఉంది, గట్టు మీది సోలార్ పలకలే కరెంటు ఇచ్చాయి. తెర మీద గోరింక బొమ్మ రాగానే ముందు వరసల్లో పడుచుపిల్లలు ఎప్పటిలాగే కేకలు పెట్టారు. దిద్దని గొంతుతో మొదటి పాట ఎత్తుకోగానే ఆ కేకలు ఆగిపోయాయి. తర్వాత మొదటి ఈల వచ్చింది. ఎవరో నవ్వారు. రెండో పాటకు కొందరు కావాలనే గోరింకతో పాటు ఈలలు వేశారు. మూడో పాటకు ఒక గుంపు లేచి, పాత గొంతు వెయ్యమని అరిచింది. ధర్మారావు గారి మనిషి రెండుసార్లు వచ్చి డబ్బా వంక చూపించాడు. ఒక్క తీగ మారిస్తే చాలు. ఇమ్మాను వచ్చి డబ్బాకూ నాకూ మధ్యన నిలబడ్డాడు.

వరాలక్క మా దగ్గర లేదు. జనాన్ని తీసుకొచ్చిన పడవను గట్టుకు కట్టేసి, అందులోనే నిలబడి ఉంది. అక్కణ్ణుంచి అరుపులు వినపడకుండా ఎలా ఉంటాయి.

ఏడో పాట వీధులది. మంత్రులు వెళ్ళిపోయారు, పడుచువాళ్ళలో కొంతమంది కూడా వెళ్ళిపోయారు. గోరింక ‘మగ్గాలీధి’ అని ఎత్తుకుంది. జనంలో వెనకాల ఎక్కడో ఒక చెయ్యి లేచింది. బళ్ళో హాజరు పిలిస్తే ఎత్తినట్టు, ఒక ముసలాయన చెయ్యి. సుక్కమ్మ సందు దగ్గర నాలుగు చేతులు లేచాయి. సీకటీధికి ఒక వరస వరసే ఎత్తింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఎవరి వీధి వచ్చినప్పుడు వాళ్ళు ఎత్తారు, ఎత్తిన చెయ్యి దించలేదు. ముందు కూర్చున్న పిల్లలు తెరను వదిలేసి వెనక్కి తిరిగి చూడ్డం మొదలుపెట్టారు. తమ తాత ఏ వీధివాడో, పక్కింటి మామ్మ ఏ సందుదో వాళ్ళకి ఇప్పుడు తెలుస్తోంది. స వచ్చినప్పుడల్లా ఈల వస్తూనే ఉంది. ఎవరూ నవ్వలేదు.

వరాలక్కది ఏలంపాట దిబ్బ వెనకాల గవళ్ళ సందు. ఆ పేరు వచ్చినప్పుడు పడవ వైపు చూశాను. ఆవిడ ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి ఉంది. నోటికి పైట లేదు.

జూన్ 19. పోటు ఉదయం 9.20

లాభనష్టాలు కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. గోరింక శ్రోతల్లో నాలుగోవంతు మంది ఒక్క రోజులో వెళ్ళిపోయారు. చాలామంది తేనె దగ్గరికే వెళ్ళారు. పై నెల రెండు కచేరీలకు పిలిచినవాళ్ళు ఒక కచేరీ చాలన్నారు. గోరింకను చంపేశారని కొందరు మా గుమ్మానికి కాగితం అంటించారు. అందులో రెండు తప్పులున్నాయి, ఇమ్మాను దిద్ది మళ్ళీ అంటించాడు.

మధ్యాహ్నం సుభానీ గారు కబురు పెట్టారు. ఫిర్యాదులు వచ్చాయట, వచ్చి తీసుకెళ్ళమన్నారు. అనుమతి పోయిందనుకుంటూ వెళ్ళాను. పదకొండు ఫిర్యాదులు. పదకొండూ ఒకటే, మా వీధి పాటలో లేదు. వాటికి పన్నెండోది కలపమని సుభానీ గారు తనే రాసి చేతికిచ్చారు. వాళ్ళది మసీదు వెనక సందు, అత్తరు సాయిబు ఇంటి పక్కన.

ఆగస్టు 20. పోటు మధ్యాహ్నం 12.00

పాట ఇప్పుడు నలభై నిమిషాలు నడుస్తోంది, ఇంకా వీధులు వస్తూనే ఉన్నాయి. ఆదివారాలు వరాలక్క స్టూడియోకి వస్తోంది. గోరింక ఏ మాట ఎలా పలకాలో ఆవిడే చెబుతుంది. నేను అలాగే దిద్దుతాను. ఒక్కోసారి ఆవిడ చెప్పినట్టు దిద్దితే శ్రుతి తప్పుతుంది. అప్పుడు వాదించుకుంటాం.

ఆసుపత్రి పడవ మొన్న వచ్చి వరాలక్కకు పన్ను పెట్టింది. మంచి పన్ను, తీసి పెట్టుకునేదే అయినా పక్కవాటితో కలిసిపోయింది. వేయించిన సెనగలు కొరికి చూపించింది. నోటిలో మార్పు వస్తే గొంతు మళ్ళీ చదివించాలని నిబంధన. కాబట్టి ఈరోజు గొంతుల కచేరీకి వెళ్ళాం.

దారిలో నేనూ ఇమ్మానూ ఒక ఒప్పందం చేసుకున్నాం. ఈల పోతుందని బాధపడకూడదు, పోనీలే అని సంతోషించకూడదు. నోరు ఆవిడది. గీకను, పూయను, ఏది వస్తే అదే గోరింక. ఇమ్మాను సరేనన్నాడు, కానీ దారంతా గోళ్ళు కొరుక్కున్నాడు.

వరాలక్క గాజు గదిలోకి వెళ్ళి, కుర్చీ ముందుకు లాక్కుని, మంచినీళ్ళు తాగింది. తర్వాత రెండు వేళ్ళతో పన్ను తీసి, చేతిరుమాల్లో చుట్టి, టిక్కెట్ల సంచీ జేబులో పెట్టుకుంది. సుభానీ గారు కంగారుపడి, ఎందుకు తీశారమ్మా అని అడిగారు.

“అది తినడానికండి. పాడేటప్పుడు అడ్డం.”

ఆయన నిబంధనల పుస్తకం తెరిచి, రెండు పేజీలు తిప్పి, మూసేశారు. గాజు తలుపు వేశారు. వరాలక్క గొంతు సవరించుకుని అ దగ్గర మొదలుపెట్టింది.